జెల్ ట్యూబు కొనేముందు పాత ట్యూబు మీద ప్యాచీలు ఎక్కడున్నాయో చూడండి

మీరు అడిగింది ఇది: ఆమదాలవలస దగ్గర మీ ఊరి నుంచి కాలువ గట్టు మీదుగా స్కూలుకి వెళ్లే మీ అమ్మాయి గేరు సైకిలు (26 × 1.95 టైర్లు) నెలకి మూడు నాలుగుసార్లు పంచరవుతోంది. షాపాయన సెల్ఫ్ సీలింగ్ ట్యూబు, అంటే పంచరు తనంతట తానే మూసుకునేలా లోపల జెల్ నింపిన ట్యూబు, వేయించమంటున్నాడు. వేయిస్తే బాధ తీరుతుందా, జెల్ బాటిలు విడిగా కొని ఉన్న ట్యూబులో పోస్తే చాలదా, మీ నాన్నగారి 28 అంగుళాల పాత సైకిలుకి కూడా పనికొస్తుందా?

ముల్లు గుచ్చుకుని పడే పంచర్లకి ఇది బాగా పనికొస్తుంది. మిగతా పంచర్లకి దాదాపు పనికిరాదు. అందుకే డబ్బు పెట్టేముందు పాత ట్యూబు బయటికి తీయించి, కొంచెం గాలి కొట్టి, ప్యాచీలు ఎక్కడ పడ్డాయో చూడండి. వాల్ (గాలి కొట్టే గొట్టం) ఉన్న వైపు రిమ్ము వైపు. దానికి ఎదురుగా ఉన్నది రోడ్డు వైపు. ప్యాచీలన్నీ రోడ్డు వైపే ఉంటే మీ శత్రువు ముల్లే, జెల్ వేయించండి. రిమ్ము వైపు ఉంటే స్పోకు మొనలో, రిమ్ము టేపు (స్పోకు మొనలు ట్యూబుకి తగలకుండా రిమ్ములో వేసే పట్టీ) జరిగిపోవడమో, తుప్పు పెచ్చులో కారణం. పక్కల మీద చిన్న చీలికలు జంటగా ఉంటే గాలి తక్కువున్న చక్రం గతుకులో పడి, టైరుకీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగిందన్నమాట. వాల్ మొదట్లో చిరిగితే గాలి తక్కువై టైరు రిమ్ము మీద జరిగి వాల్‌ని లాగేసిందని అర్థం. ఈ మూడింటిలో దేనికీ జెల్ మందు కాదు.

ఎందుకు కాదో తెలియాలంటే లోపల జరిగేది చూడాలి. ట్యూబులో ఉండేది ఎక్కువ రకాల్లో గ్లైకాల్ కలిసిన చిక్కటి ద్రవం. అందులో సన్నటి పీచు, రబ్బరు రేణువులు కలిపి ఉంటాయి. చక్రం తిరిగినప్పుడు అది విసురుకి రోడ్డు వైపు గోడకి పొరలా పట్టుకుంటుంది. ముల్లు దిగి రంధ్రం పడగానే లోపలి గాలి ఈ ద్రవాన్ని ఆ రంధ్రంలోకి తోస్తుంది. ద్రవం కొంచెం బయటికి చిమ్ముతుంది, పీచూ రేణువులూ రంధ్రం మూతి దగ్గర అడ్డం పడి చిక్కుకుంటాయి, దారి మూసుకుపోతుంది. అంటే ఇది పనిచేయడానికి రెండు షరతులు. రంధ్రం జెల్ ఉన్న చోటే పడాలి, పీచు పట్టుకునేంత చిన్నదిగా ఉండాలి. రిమ్ము వైపు రంధ్రం దగ్గరికి బండి నడుస్తున్నప్పుడు జెల్ వెళ్లనే వెళ్లదు. చీలిక అయితే గాలి ఒత్తిడికి ఇంకా తెరుచుకుంటుంది, పీచుకి పట్టు దొరకదు. ట్యూబు జెల్ బాటిళ్ల మీద సాధారణంగా 3 మిల్లీమీటర్ల రంధ్రం దాకా అని రాస్తారు. ఆ అంకెని గుండ్రటి రంధ్రానికే నమ్మండి.

మన వైపు గట్ల మీద అసలు దొంగ పల్లేరు. ఒక ఎండిన పల్లేరు కాయ తీసుకుని చూడండి. అది ఐదు ముక్కలుగా విడిపోతుంది, ఒక్కో ముక్కకి రెండు పెద్ద ముళ్లు, వాటి కింద రెండు చిన్నవి ఉంటాయి. ఏ పక్కకి పడ్డా ఏదో ఒక ముల్లు పైకి లేచే ఉంటుంది. ఆ ముల్లు పొడవు అర సెంటీమీటరు అటూ ఇటూ. అరిగిన టైరు రోడ్డు వైపు మందం రెండు మూడు మిల్లీమీటర్లే కాబట్టి మిగతాదంతా ట్యూబులోకి దిగుతుంది. రంధ్రం మాత్రం సూది మొనంత. జెల్‌కి ఇంతకంటే అనుకూలమైన పంచరు లేదు. అమెరికాలో ఇదే మొక్క సైకిళ్ల వాళ్లకి పెద్ద తలనొప్పి, దాని పేరులోనే పంచరు ఉంది. ఈ జెల్ ట్యూబులు అక్కడ అంతగా అమ్ముడుపోవడానికి అదీ ఒక కారణం.

సర్కారు తుమ్మ, ఈత ముల్లు వేరే లెక్క. పొలం కంచెలు సరిచేసినప్పుడు కొట్టిన కొమ్మలు గట్టు మీదే వదిలేస్తారు. ఆ ముళ్లు రెండు మూడు సెంటీమీటర్లు, ఒక్కోసారి అంతకు మించి ఉంటాయి. టైరు దాటి, ట్యూబు రోడ్డు వైపు గోడ దాటి, గాలి కొంచెం తక్కువుంటే అవతలి గోడలోకి కూడా దిగుతాయి. అప్పుడు బయటి రంధ్రం మూసుకున్నా లోపలిది గాలి వదులుతూనే ఉంటుంది, జెల్ చెత్తదని మీరు తిట్టుకుంటారు. టెక్కలి వైపు క్వారీ రోడ్ల మీద గ్రానైట్ చిప్పు అయితే టైరునే కోసేస్తుంది. ఆ కోతకి లోపలి నుంచి పాత టైరు పక్క గోడ ముక్క ఒకటి మద్దతుగా పెట్టాల్సిందే, లేకపోతే ట్యూబు ఆ సందులోంచి బుడగలా పొంగి పగులుతుంది. నేషనల్ హైవే 16 అంచున పేలిన లారీ టైర్ల నుంచి రాలిన ఉక్కు తీగ ముక్కలు ఇంకో రకం. వెంట్రుకంత సన్నగా ఉంటాయి, జెల్ వాటిని సులువుగానే మూస్తుంది. కానీ తీగ టైరులోనే ఉండిపోయి పక్క పక్కనే పొడుస్తూ ఉంటుంది.

ఇక ట్యూబా, బాటిలా అన్నది.

జెల్ నింపిన ట్యూబు మీ సైజులో దొరికితే, రోడ్డు వైపు గోడ మందంగా ఉన్నది దొరికితే అదే తీసుకోండి. దొరక్కపోతే మంచి బ్యూటైల్ రబ్బరు ట్యూబు కొత్తది వేయించి, అందులో జెల్ పోయించండి. ఫలితంలో పెద్ద తేడా ఉండదు. ఐదారు ప్యాచీలున్న పాత ట్యూబులో మాత్రం పోయొద్దు. ఎక్కడో ఒక ప్యాచీ అంచు లేచి ఉంటుంది, అది రోడ్డు వైపు కాకపోతే జెల్ ఖర్చు దండగ.

సైజు దగ్గర షాపుల్లోనే తప్పులు జరుగుతాయి. 26 అని రాసి ఉన్నవన్నీ ఒకటి కావు. గేరు సైకిలు 26 × 1.95 టైరు కూర్చునే రిమ్ము వ్యాసం 559 మిల్లీమీటర్లు, లేడీస్ సైకిలు 26 × 1⅜ ది 590. టైరు పక్కన చిన్న అక్షరాల్లో 50-559 లాగా అచ్చు ఉంటుంది, అది చూసి 26 × 1.75 నుంచి 2.125 వరకు అని రాసిన ట్యూబు అడగండి. 1⅜ ట్యూబుని 1.95 టైరులో పెడితే గాలి కొట్టాక సాగి పలచనవుతుంది. పలచని గోడలో రంధ్రం కూడా సాగుతుంది, జెల్ నిలవదు.

వాల్ చూసుకోండి. గేరు సైకిళ్లకి ఎక్కువగా స్కూటరు ట్యూబుకి ఉండే రకం వాల్ వస్తుంది. దాని లోపలి పిన్ను వాల్ కీతో విప్పొచ్చు, కాబట్టి జెల్ పోయడం తేలిక. నాన్నగారి సైకిలుకి పాత పద్ధతి వాల్ ఉంటుంది, అంటే వాల్ ట్యూబు రబ్బరు తొడిగిన ఇత్తడి పిన్ను, పైన బిగించే నట్టు. నట్టు విప్పి పిన్ను లాగేస్తే గొట్టమంతా ఖాళీ, ఇందులోనూ పోయొచ్చు. రెండింటికీ రిమ్ములో కావాల్సిన రంధ్రం 8 మిల్లీమీటర్లే కాబట్టి, పాత సైకిలుకి స్కూటరు రకం వాల్ ఉన్న ట్యూబు వేయించడానికి అడ్డేమీ ఉండదు. నా మాటగా అలాగే వేయించండి. వాల్ ట్యూబు రబ్బరుకి జెల్ అంటుకుంటే జిగురుగా పట్టేసి, గాలి కొట్టడం కష్టమవుతుంది లేదా గాలి మెల్లగా దిగిపోతుంది. రబ్బరు మార్చుకుంటూ పోవాలి. పైగా ఆ రకం వాల్ మీద గేజి పెట్టి గాలి ఎంతుందో చూడలేం, బొటనవేలితో నొక్కి చూడటమే గతి. రేసు సైకిళ్ల సన్న వాల్‌కి 6 మిల్లీమీటర్ల రంధ్రం చాలు, ఆ రిమ్ములో స్కూటరు రకం దూరదు.

కొలత: 26 × 1.95 చక్రానికి సుమారు 120 మిల్లీలీటర్లు. నాన్నగారి 28 × 1½ టైరు సన్నం కాబట్టి వందకి లోపే చాలు, బాటిలు మీద ఉన్న పట్టిక చూసి పోయండి. ఎక్కువ పోస్తే ఎక్కువ రక్షణ అనుకోవద్దు. బరువు పెరుగుతుంది, వాల్ త్వరగా పూడుకుపోతుంది. 120 మిల్లీలీటర్లంటే ఒక్కో చక్రానికి 120 గ్రాములకి పైమాటే. అదంతా చక్రం అంచున తిరిగే బరువు కాబట్టి మొదటి రోజుల్లో అమ్మాయికి సైకిలు కదిలించడం కొంచెం బరువనిపిస్తుంది.

ట్యూబు వేసేముందు టైరు లోపలి వైపు దూదితోనో పాత నూలుగుడ్డతోనో చుట్టూ తుడవండి. వేళ్లతో తడమొద్దు, తీగ ముక్క ఉంటే చర్మం చీరుతుంది. దూది ఎక్కడ పట్టుకుంటే అక్కడ ముల్లు మొన ఉంది. బయటి నుంచి చూస్తే కనపడదు, ఎందుకంటే పై భాగం టైరు అరుగుదలతోపాటు అరిగి, నల్లటి చుక్కలా మిగిలి ఉంటుంది. టైరుని ఆ చోట వెనక్కి వంచి, లోపలి నుంచి మొనని బయటికి తోసి, పట్టకారుతో లాగండి. కొత్త ట్యూబు వేయించిన రెండో రోజే మళ్లీ పంచరయ్యే సైకిళ్లలో చాలావాటికి కారణం ఈ మిగిలిపోయిన మొనే. పాత ట్యూబు వాల్‌ని టైరు మీద అది ఉన్న చోటికి ఆనించి పెట్టి చూస్తే, ప్యాచీకి ఎదురుగా టైరులో ఎక్కడ వెతకాలో తెలిసిపోతుంది. అందుకే షాపులో టైరు విప్పేటప్పుడు వాల్ ఎదురుగా టైరు మీద సుద్దతో గుర్తు పెట్టించండి.

తర్వాత రిమ్ము టేపు. స్పోకు మొనలు నిపుల్ (స్పోకుని రిమ్ముకి బిగించే చిన్న నట్టు) దాటి పైకి వచ్చి ఉంటే ఆకురాయితో అరగదీయాలి. గార, కళింగపట్నం, నౌపడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఇనుప రిమ్ములు లోపలి నుంచి తుప్పు తింటాయి, పెచ్చులు టేపుని కొరుకుతాయి. ఇసుక కాగితంతో రుద్ది, కొత్త టేపు వేస్తే చాలు.

పోసే పద్ధతి చెప్తాను. ట్యూబు వేసి, టైరు అంచులు రెండూ రిమ్ములో చేత్తోనే కూర్చోబెట్టండి. స్క్రూడ్రైవరు వాడితే కొత్త ట్యూబు అక్కడే చిరుగుతుంది. కొద్దిగా గాలి కొట్టి ట్యూబు ఎక్కడా మెలిక పడలేదని చూసి, ఆ గాలి వదిలేయండి. చక్రాన్ని తిప్పి వాల్ పై భాగంలో ఉండేలా నిలపండి. బాటిలుని నిమిషం సేపు గట్టిగా కుదపాలి, లేకపోతే పీచు అడుగునే ఉండిపోయి మీరు పోసేది ఉత్త నీళ్లవుతుంది. వాల్ పిన్ను తీసి, బాటిలుతో వచ్చిన గొట్టం తొడిగి మెల్లగా పిండండి. గొట్టం లేకపోతే మందుల షాపులో దొరికే 50 మిల్లీలీటర్ల సిరంజి, సూది లేకుండా, పనికొస్తుంది, కొలత కూడా సరిగ్గా వస్తుంది. పోశాక చెవుల దూది పుల్లతో వాల్ గొట్టం లోపల తుడిచి, పిన్ను కడిగి బిగించి, గాలి కొట్టండి. వెంటనే చక్రాన్ని ఒకటి రెండు నిమిషాలు గట్టిగా తిప్పి, తర్వాత రెండు మూడు కిలోమీటర్లు తొక్కించండి. అప్పుడే జెల్ చుట్టూ సమంగా పరుచుకుంటుంది.

గాలి విషయం షాపుల్లో అందరూ తేలిగ్గా తీసుకుంటారు, నేను మాత్రం జెల్ కంటే దీనికే ఎక్కువ విలువ ఇస్తాను. టైరు పక్కన కనీసం ఇంత, గరిష్ఠం ఇంత అని రాసి ఉంటుంది. మీ అమ్మాయి బరువుకి ఆ కనీసం కంటే కొంచెం పైన, సుమారు 40 నుంచి 45 పీఎస్ఐ (గేజి మీద కనిపించే గాలి ఒత్తిడి కొలత) పెట్టి, వెనక చక్రానికి ఇంకో రెండు మూడు పాయింట్లు ఎక్కువ ఉంచితే బాగుంటుంది. వారానికోసారి చూడాలి. జెల్ ఈ ఒత్తిళ్లలో బాగా నిలుస్తుంది. 90, 100 పీఎస్ఐ పెట్టే రేసు సైకిలు సన్న టైర్లలో మాత్రం రంధ్రం మూసుకునేలోపే జెల్ అంతా పిచికారీలా చిమ్మేస్తుంది, వాటికి నేను సిఫారసు చేయను. లారీలకి గాలి కొట్టే కంప్రెసరు గొట్టం నేరుగా పెట్టనివ్వొద్దు. చిన్న ట్యూబు క్షణాల్లో నిండిపోయి, టైరు అంచు లేచి పేలొచ్చు. తప్పనిసరైతే కొంచెం కొంచెంగా కొట్టించి ప్రతిసారీ గేజి చూడాలి.

స్కూలు ఆవరణలో ఎండలో నిలబెడితే ట్యూబు పేలుతుందని కొందరు గాలి తీసేస్తుంటారు. లెక్క చూడండి: పొద్దున 25 డిగ్రీల దగ్గర 45 పీఎస్ఐ కొట్టిన ట్యూబు, మధ్యాహ్నం ఎండలో 55 డిగ్రీలకి వేడెక్కితే గేజి మీద సుమారు 51 చూపిస్తుంది. మంచి టైరుకి అదేం లెక్క కాదు. వేడికి ఊడేది సరిగ్గా అంటని ప్యాచీ మాత్రమే. గాలి తీసేసి తొక్కితే నలిగే పంచర్లు మొదలవుతాయి, వాటికి జెల్ లేదని ముందే చెప్పాను.

ముల్లు గుచ్చుకున్నప్పుడు ఏం చేయాలో అమ్మాయికి నేర్పండి. టైరు మీద తడి చుక్క, రంగు జెల్ అయితే ఆకుపచ్చగానో నీలంగానో కనిపిస్తుంది, సన్నగా బుసబుస వినిపిస్తుంది. పల్లేరు ముల్లయితే అక్కడే పీకేసి, ఆ చోటు కిందికి వచ్చేలా చక్రం తిప్పి, అర నిమిషం నిలపాలి. జెల్ అడుగుకి చేరి రంధ్రాన్ని కప్పుతుంది. బుడగలు ఆగాక కొంచెం గాలి కొట్టి వెంటనే కిలోమీటరైనా తొక్కాలి. పీకకుండా వదిలేస్తే ముల్లు చక్రం తిరిగినప్పుడల్లా కదులుతూ రంధ్రాన్ని పెద్దది చేస్తుంది. మేకు లాంటి లావుపాటిది అయితే మాత్రం దారిలో పీకొద్దు, గాలి నిలిచినంత దూరం నెమ్మదిగా ఇల్లు చేరడమే మేలు. పీకితే మూడు మిల్లీమీటర్ల మించిన రంధ్రంలోంచి జెల్ అంతా రోడ్డు పాలవుతుంది. సాయంత్రం సైకిలు ఇంటికి వచ్చాక రెండు చక్రాలూ ఒకసారి మెల్లగా తిప్పి, టైరు గాట్లలో ఇరుక్కున్న పల్లేరు ముక్కలు గోటితో తీసేయడం అలవాటు చేయండి. చాలా ముళ్లు మొదటి రోజే లోపలికి దిగవు, రెండు మూడు రోజులు తొక్కాక దిగుతాయి.

జెల్ ట్యూబుకి ప్యాచీ వేయమంటే కొందరు మెకానిక్కులు చిరాకు పడతారు, అందులో న్యాయం ఉంది. రంధ్రం దగ్గర తడి ఉంటే సొల్యూషన్ అంటదు. ప్యాచీ వేసే చోటు పైకి ఉండేలా ట్యూబుని పట్టుకుంటే జెల్ కిందికి జారుతుంది. గాలి పూర్తిగా పోనిచ్చి, సబ్బు నీళ్లతో కడిగి, పొడి గుడ్డతో ఒత్తి, బాగా ఆరనిచ్చి, అప్పుడు ఇసుక కాగితంతో గరుకు చేసి సొల్యూషన్ పలచగా రాయాలి. ఐదు నిమిషాలాగి, తడి పోయి వేలికి అంటనప్పుడు ప్యాచీ నొక్కాలి. కడిగితే పోయేది గ్లైకాల్ రకానికే. పాలలా తెల్లగా ఉండి అమ్మోనియా వాసన వచ్చే లేటెక్స్ రకం అంటుకుంటే గోకి తీయాలి. ఆ లేటెక్స్ రకం మన ఎండలకి కొద్ది నెలల్లోనే గడ్డకట్టి రబ్బరు ఉండలవుతుంది. స్కూలు సైకిలుకి అది కొనొద్దు. గ్లైకాల్ రకం ఏడాది, రెండేళ్లు ద్రవంగానే ఉంటుంది. ఎండాకాలం సెలవుల్లో సైకిలు కదలకుండా ఉంటే జెల్ అంతా అడుగున చేరుతుంది, జూన్‌లో మొదటి రోజు చక్రం ఎగిరెగిరి పడుతున్నట్టుంటే కంగారు పడొద్దు, కొంత దూరం తొక్కితే సర్దుకుంటుంది.

డబ్బు మిగుల్చుకుందామని గంజి, పాలు, జిగురు, కిరోసిన్ కలిపిన ద్రవాలు పోయొద్దు. గంజీ పాలూ కుళ్లుతాయి, జిగురు లోపల బిళ్లకడుతుంది, కిరోసిన్‌కి రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది.

టైరు లోపల పాత టైరు పట్టీ వేయించుకునే పద్ధతి మీకు తెలిసే ఉంటుంది. ముల్లుని అది జెల్ కంటే ముందే ఆపుతుంది, ఖర్చు లేదు. కానీ అంచులు పలచగా చెక్కించకపోతే, ఆ అంచే నెలల్లో ట్యూబుని గీసి గీసి కోస్తుంది. ప్లాస్టిక్ లైనర్లకీ ఇదే జబ్బు, ముఖ్యంగా రెండు కొసలు ఒకదాని మీద ఒకటి పడే చోట. ఆ కొసల మీద గుడ్డ టేపు చుట్టించి, ట్యూబుకి టాల్కం పౌడరు రాయించండి. నాన్నగారి సైకిలుకి, వేగం అవసరం లేదు కాబట్టి, లైనరూ జెల్ రెండూ వేయించినా ఇబ్బంది లేదు.

మీ అమ్మాయి సైకిలుకి ముందు టైర్లు చూడండి. గాట్లు అరిగి నున్నగా అయినా, లోపలి నూలు దారాలు కనిపిస్తున్నా ఆ డబ్బు ముందు టైరుకే పెట్టండి. వెనక టైరు మీదే బరువు ఎక్కువ, అరిగేదీ ఎక్కువ పంచరయ్యేదీ అదే. చేతిలో డబ్బు ఒక్క చక్రానికే ఉంటే కొత్త టైరు, జెల్ ట్యూబు రెండూ వెనక్కే వేయించి, ముందు చక్రం వచ్చే నెల చూసుకోండి. జెల్ పోసిన నెల, సంవత్సరం రిమ్ము మీద మార్కరుతో రాసి ఉంచండి. ఏడాది దాటాక ముల్లు పడి గాలి ఆగకపోతే, వాల్ విప్పి సన్నటి తీగ ముంచి చూడండి. తడిగా పైకి వస్తే జెల్ ఉంది, పొడిగా వస్తే ట్యూబు మార్చాల్సిందే, ఎండిన దాని మీద మళ్లీ పోయడం వల్ల లాభం లేదు.